రోడ్డు వైపు తలుపు

బంగారంలాంటి తమ్ముడికి,

నిన్ను చంకనెత్తుకుని తిప్పిన అక్క రాస్తున్న సంగతులు. నీ చెయ్యి ఎలా ఉంది? కట్టు మార్చారా? డాక్టరు చెప్పినట్టు మెత్తటి బంతి పిసుకుతున్నావా, లేక నీ మామూలు బద్ధకమేనా? నేను బాగానే ఉన్నాను. అంటే ఒంట్లో బాగానే ఉన్నాను.

మూడు మైళ్ళ దూరంలో ఉన్నవాడికి ఉత్తరం రాయాల్సి రావడం వింతగానే ఉంది. ఏం చెయ్యను? మన రెండిళ్ళ మధ్యా శుక్రవారం నుంచి నాలుగు చోట్ల రోడ్డుకి అడ్డాలు పెట్టారు, ఫోన్లు అంతకుముందే కోసేశారు. పొద్దున్నే తిరిగే పాలబండి ఒక్కదాన్నే వదులుతున్నారు. ఆ పాలాయన చేతికి ఈ కవరు అంటించి ఇస్తున్నాను. రోజూ ఐదింటికి మాట్లాడుకునే దారి ఉండగా కాగితమెందుకే అంటావు. గాలిలో వేసిన మాట ఎవరి చెవిన పడుతుందో తెలియదని గురువారం నాకు తెలిసొచ్చింది. అందుకే నాలుగు రోజులుగా వైర్‌లెస్ సెట్టు ముట్టుకోలేదు.

మీ బావ పోయిన ఏడాది నువ్వు చేసిన పని పదే పదే గుర్తొస్తోంది. ఓడరేవు టెలిగ్రాఫ్ ఆఫీసు మూసేసినప్పుడు తుక్కు కింద పారేసిన ఇనప్పెట్టెలు నాలుగు, తోపుడు బండి మీద వేసుకొచ్చి నా వంటింటి పక్క గదిలో దింపావు. "ఇవేమిట్రా, పీనుగుల్ని పెట్టే పెట్టెల్లా ఉన్నాయి" అంటే, "నీకంటే ఐదేళ్ళు పెద్దవక్కా, కాస్త మర్యాదగా మాట్లాడు" అన్నావు. ఆరు నెలలు పట్టింది వాటికి ప్రాణం రావడానికి. ఎండిపోయిన కెపాసిటర్లు పీకి కొత్తవి టంకం వేశావు. తుప్పు పట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ని నా కుట్టుమిషను నూనెతో తుడిచావు. పొగగొట్టం నుంచి పెరటి స్తంభానికి ఏరియల్ తీగ లాగుతూ పక్కింటి పెంకులు రెండు పగలగొట్టి, "పిల్లి" అని వాళ్ళకి చెప్పమన్నావు. నేను అబద్ధం చెప్పలేక వెళ్ళి కొత్త పెంకులు ఇచ్చొచ్చాను. మొదటిసారి లోపలి గాజు వాల్వులు ఎర్రగా వెలిగినప్పుడు, నాకు ఎందుకో, దేవుడి ముందు దీపం వెలిగించినప్పుడు వచ్చే నెమ్మదే వచ్చింది. పదో తరగతితో పుస్తకాలు మూసేసిన దాన్ని, నలభై ఏడేళ్ళకి టెలిగ్రాఫ్ చుక్కలూ గీతలూ వల్లెవేసి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్నాను. నోట్లో నాలుక లేని మనిషి అని ఊరంతా అంటుంది నన్ను. అలాంటిదానికి నువ్వు వేలి కొసన నాలుక పెట్టావు. అది నేను ఎప్పుడూ నీతో అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఇక గాలిలో నేను పలికే చోటు, అదే ఫ్రీక్వెన్సీ సంగతి. ఈ పాత ట్రాన్స్‌మిటర్‌కి క్రిస్టల్ బిళ్ళ మార్చితే తప్ప చోటు మారదు కదా. అందరూ వాడే చోటుకి ఒక బిళ్ళ ఉంది. అది కాక నువ్వు గాజుపలక మీద పొడి వేసి, నీళ్ళు చల్లి, వారం రోజులు అరగదీసి జత బిళ్ళలు తయారుచేశావు. ఒకటి నీకు, ఒకటి నాకు. "ఈ చోట ఇంకెవరూ ఉండరక్కా, మన వంటిల్లు అనుకో" అన్నావు. ఒకే ఊళ్ళో ఉన్న అక్కాతమ్ముళ్ళు ఆకాశం చుట్టూ తిరిగి "కూరేం చేశావు" అని ఒకరినొకరు అడగడమేమిటని మీ ఆవిడ నవ్వేది.

తర్వాత సమ్మె. మిల్లువాళ్ళు బయటి ఊళ్ళ నుంచి కూలీల్ని దింపడం, మీరు గేటు దగ్గర కూర్చోవడం. నీ చెయ్యి విరగ్గొట్టిన రోజు, నిన్ను నా మంచం మీద పడుకోబెట్టి ఆ నెత్తురు కడుగుతూ, నేను ప్రార్థన చెయ్యలేదు తమ్ముడూ. శపించాను. కాపలావాళ్ళు నీ చేతిని గేటు ఇనప చట్టం మీద పెట్టి, ఒకడు మోచెయ్యి తొక్కిపట్టి, ఇంకొకడు కర్రతో వేలు వేలునా కొట్టాడని నువ్వు చెబుతుంటే, వాళ్ళ చేతులు పుచ్చి ఊడిపోవాలని దేవుడి పేరు పెట్టి శపించాను. నాలుగు వేళ్ళు, మణికట్టు. మిల్లులో నూలు తెగితే నీకంటే వేగంగా ముడివేసే మేస్త్రీ లేడనేవారు.

గురువారం నాలుగున్నరకి మిల్లు ఆసుపత్రి నర్సమ్మ వెనక గుమ్మంలోంచి వచ్చింది. నేను కుట్టే పక్కగుడ్డలకి లెక్క చూసేది ఆవిడే కనక నీకూ తెలుసు. కోటు మీద నెత్తురు ఎండి అట్టకట్టి ఉంది.

"అక్కగారూ, మీ తీగ మీద సహాయ శిబిరానికి కబురు వెళ్తుందా?"

"వెళ్తుంది. ఏమైంది?"

"పొద్దున బయటి కూలీల గుడిసెలు తగలబెట్టారు కదా. పదకొండు మంది మిగిలారు. మూతపడ్డ పిండి మరలో దాచాను. ఒకామెకి మోకాళ్ళ దాకా కాలింది. చీకటి పడేలోపు బండి రావాలి."

నేను కదల్లేదు. ఆవిడ నా మొహంకేసి చూసింది.

"మీ తమ్ముడి చెయ్యి విరగ్గొట్టింది గేటు కాపలావాళ్ళు అక్కగారూ. వీళ్ళు కాదు."

"నేనేమీ అనలేదే."

"మీరు అనలేదు. మీ మొహం అంది."

సిగ్గుపడి లేచాను. వాల్వులు వేడెక్కేదాకా ఆగి వింటే, శిబిరం వాళ్ళు ఉండే ఆ అందరి చోట ఒకటే గోల. ఊరూరి నుంచీ తమవాళ్ళ ఆచూకీ అడిగేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఐదవుతోంది. ఐదింటికి నువ్వు తప్పకుండా ఉంటావు. చెయ్యి విరిగాక కూడా ఎడమ చేత్తో రెండు చుక్కలు కొట్టి వింటున్నానని చెబుతూనే ఉన్నావు. నీ సెట్టు నాదానికంటే బలమైంది, నువ్వు అందుకుని శిబిరానికి తోస్తావని మన బిళ్ళ పెట్టాను. పిండి మరలో పదకొండు మంది, కాలినవాళ్ళున్నారు, రోడ్డు వైపు తలుపు దగ్గర బండి ఆపి మూడుసార్లు తట్టాలి. మూడుమాట్లు పంపాను. నువ్వు పలకలేదు.

నర్సమ్మ వెనక నుంచి, "ఏ తలుపని చెప్పారు?" అంది. చెప్పాను. "అయ్యో, రోడ్డు తలుపు చూడటానికే తలుపు. లోపల ఇటుకలతో కట్టేశారు. కాలవ వైపు చిన్న తలుపు అక్కగారూ." దిక్కులు తప్పడం నాకు పుట్టుకతో వచ్చింది, నీకు తెలుసు. ఈలోగా శిబిరం చోట గోల కాస్త సద్దుమణిగింది. బిళ్ళ మార్చి, తలుపు సరిదిద్ది పంపాను. వాళ్ళు అందుకున్నారు. ఏడింటికి బండి వస్తుందన్నారు.

ఆరింటికి వాళ్ళొచ్చారు.

మా మేడ మీద నుంచి పిండి మరా, దాని ముందరి వీధీ కనబడతాయి. నలభై మందికి తక్కువ లేరు. గడ్డపారలు, మిల్లు ఇనప కడ్డీలు. "పదకొండు మందినీ లాగండిరా" అని అరుస్తున్నారు. ఆ అంకె నర్సమ్మకి తెలుసు, నాకు తెలుసు, గాలికి తెలుసు. రోడ్డు తలుపు విరగ్గొట్టి ఇటుకల మీద పడ్డారు. ఇరవై నిమిషాలు ఇటుకలు రాలుతున్న చప్పుడు. ఆ తర్వాత ఎవడో వెనక్కి తిరిగెళ్ళి చిన్న తలుపు చూశాడు. పై కిటికీలోంచి ఒకతను దూకాడు. నేలకి తగలకముందే గడ్డపార తగిలింది. కాలిన కాళ్ళామెని జుట్టు పట్టి మెట్ల మీద నుంచి ఈడ్చారు. ఒక్కో మెట్టుకీ ఆవిడ తల తగిలిన చప్పుడు మూడు వీధుల అవతలికి నిజంగా వినబడిందో, నేనే విన్నాననుకున్నానో ఇప్పుడు చెప్పలేను. ఎవరో ఒకతను ఏదో ఒక పేరే పిలుస్తూ ఉన్నాడు, చాలాసేపు. పిలుపు ఆగిపోయాక నేను మెట్లు దిగాను.

ఇటుకలు తవ్వుతున్న ఆ ఇరవై నిమిషాల్లో నలుగురు కాలవలో పడి బయటపడ్డారు. ఒకణ్ణి నర్సమ్మ నా వంటింటికి తెచ్చింది. చెవి చర్మానికి వేలాడుతోంది. నా కుట్టుదారం ఉడకబెట్టి కుట్టింది. అతను ఏడవలేదు, నా గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, శవాలకి దుప్పట్లు కుట్టాలని. ఏడు. మనిషి పొడుగు కొలుచుకుని కుట్టాలి కదా. ఇద్దరికి కొలత తీసుకోవడం కుదరలేదు. మూటలు కుట్టాను.

ఇదంతా నా కడుపులో దాచుకోలేను. వచ్చే సోమవారం ఆడపిల్లల బడిలో విచారణ అధికారి కూర్చుంటాడట. మనం పంపిన ప్రతి మాటా టైముతో సహా లాగ్ పుస్తకంలో రాయాలని లైసెన్సు నియమం, నేను ఏ రోజూ తప్పలేదు. ఆ పుస్తకం తీసుకెళ్ళి ఇస్తాను. నేను గాలిలో వేసిన మాటని ఎవరో విని వాళ్ళని చంపారని చెబుతాను. శిక్ష వేస్తే పడతాను. ఆ తర్వాత నువ్వొచ్చి ఈ పెట్టెలు విప్పుకుని పో. నాకు వద్దు.

ఒక్క మాట. ఆ రోజు ఎందుకు పలకలేదు? జ్వరం గాని వచ్చిందా? నువ్వు ఉండి ఉంటే, తలుపు మాట దిద్దేవాడివేమో, కబురు త్వరగా చేరేదేమో అని నా పిచ్చి ఆశ. చెయ్యి జాగ్రత్త.

నీ మంచి కోరే
అక్క

*

తమ్ముడూ, నా చిన్ననాయనా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది, ఒంటికంటితో రాస్తున్నాను.

నీ జవాబు బుధవారం పాలాయన తెచ్చి ఇచ్చాడు. "నీ తప్పేమీ లేదక్కా. నాకు ఆ రోజు ఒళ్ళు తెలియని జ్వరం, సెట్టు దగ్గరికే వెళ్ళలేదు. శిబిరం చోట నువ్వు పంపింది ఎవడో పాత రిసీవరు ఉన్నవాడు విని ఉంటాడు. విచారణకి వెళ్ళకు, లేనిపోనిది మెడకి చుట్టుకుంటుంది. ఆ పుస్తకం పొయ్యిలో పెట్టెయ్" అని రాశావు. చదివి నీ జ్వరం తగ్గాలని ప్రార్థన చేశాను. పుస్తకం మాత్రం పొయ్యిలో పెట్టలేదు. ఆసుపత్రి దుప్పట్ల కట్టలో దూర్చాను.

నిన్న సాయంత్రం వారం రోజుల తర్వాత సెట్టు వేశాను. నీ గొంతు, అదే, నీ చెయ్యి వినాలనిపించింది. వాల్వులు వేడెక్కుతుండగా తలుపు తోసుకుని ముగ్గురు వచ్చారు. ఒకడు మన వీధి చివర సైకిళ్ళు బాగుచేసేవాడే. చిన్నప్పుడు నా దగ్గర బెల్లం ముక్క అడిగి తినేవాడు. మిగతా ఇద్దర్నీ నేనెరగను. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి.

"పెద్దమ్మా, ఆ పుస్తకం ఇచ్చెయ్" అన్నాడు సైకిళ్ళవాడు.

"ఏ పుస్తకం నాయనా?"

"టైములవీ రాస్తావంట కదా, అది."

"అది ఇవ్వడానికి లేదు నాయనా. లైసెన్సువాళ్ళు అడిగితే వాళ్ళకివ్వాలి."

పొడుగువాడు నవ్వాడు. "వినరా దీని గొంతు. పిల్లికూన ఆవులించినట్టుంది, పుస్తకం మాత్రం ఇవ్వదంట."

"అడుగుతుంటే అర్థం కాదా? రోడ్డు తలుపు, రోడ్డు తలుపు అని కొట్టి మాచేత గోడ తవ్వించావు. నలుగురు చేతిలోంచి జారిపోయారు. ఆ నలుగురూ రేపు నా మొహం గుర్తుపడితే నువ్వు అన్నం పెడతావా నా పిల్లలకి?" అన్నాడు సైకిళ్ళవాడు. నిజంగానే నా మీద అలిగినవాడిలా ఉన్నాడు.

అల్మారాలు లాగి పడేశారు. దేవుడి పటం గోడ మీద నుంచి తీసి వెనక చూసి, తిరిగి మేకుకి తగిలించలేదు, కింద పడేశారు. దుప్పట్ల కట్ట మీద పొట్టివాడు కూర్చుని చూస్తున్నాడు, తన కింద ఏముందో తెలియక. ఆఖరికి సైకిళ్ళవాడు ఇనప కడ్డీ తీసుకుని ట్రాన్స్‌మిటర్ మీదికి వెళ్ళాడు. వేడి పోవాలని నువ్వు దాని వెనక రేకు ఎప్పుడూ బిగించలేదు. లోపలంతా తెరుచుకునే ఉంది.

"ముట్టుకోకు నాయనా, ఎనిమిది వందల వోల్టుల కరెంటుంది" అన్నాను. నా గొంతు నీకు తెలుసు కదా. పక్క గదికి వినబడదు. కానీ అతనికి వినబడింది. నా వైపు తిరిగి నవ్వాడు కూడా. స్విచ్చు నా కుడి చేతికి జానెడు దూరంలో ఉంది. కడ్డీ పైకి లేవడం చూశాను, దిగడం చూశాను. చెయ్యి చాపలేదు.

నీలంగా మెరిసింది. అతను కేక వెయ్యడానికి కూడా వీల్లేకుండా కడ్డీకి అతుక్కుపోయి, ఫ్యూజు పోయాక వెనక్కి విరుచుకుపడ్డాడు. అరచెయ్యి మాడిన వాసన గది నిండా. వేళ్ళు పక్షి కాలిలా ముడుచుకుపోయాయి, ఇక విచ్చుకోవని చూస్తేనే తెలుస్తోంది. పొడుగువాడు నా జుట్టు పట్టి లేపి నోటి మీద గుద్దాడు. రెండుసార్లో మూడుసార్లో. ముందు పళ్ళు రెండు ఊడి నా ఒళ్ళోనే పడ్డాయి. నేను కింద పడ్డాక పొట్టలో తన్నాడు. పొట్టివాడు, "చస్తుందిరా, వీణ్ణి ముందు మొయ్యి" అంటే వదిలి, వాణ్ణి ఎత్తుకుని పోయారు.

నేను శపించాను చూడు, చేతులు పోవాలని. పోయింది. ఎవడి చెయ్యి అని దేవుడు అడగలేదు.

నర్సమ్మ వచ్చి నోరు కడిగి, దూది కుక్కి పోయింది. తర్వాత నేను దుప్పట్ల కట్ట విప్పి పుస్తకం తీశాను. సైకిళ్ళవాడి మాట ఒకటి చెవిలో గింగురుమంటోంది. గురువారం పేజీ తీశాను. నా చేతిరాతే. ఐదూ రెండు, మన చోటు, రోడ్డు వైపు తలుపు, మూడుసార్లు, జవాబు లేదు. కింద గీత. ఐదూ ముప్ఫై ఆరు, శిబిరం చోటు, కాలవ వైపు తలుపు, జవాబు వచ్చింది.

శిబిరం చోట విన్నవాడెవడూ రోడ్డు తలుపు అని వినలేదు తమ్ముడూ. ఆ తప్పు మాట నేను ఒకేచోట పలికాను. ఊరంతట్లో దాని జత బిళ్ళ నీ దగ్గరుంది.

ఎవడో డయలు తిప్పుతూ తిప్పుతూ సరిగ్గా అప్పుడే మన చోట ఆగాడని అనుకుందామని రాత్రంతా చూశాను. మరి టైములు రాసే పుస్తకం ఉందని ఆ ముగ్గురికీ ఎలా తెలిసింది? దాని సంగతి నేను ఒక్క మనిషికే రాశాను. పాలాయనకి చదువు రాదు, నీకు చేరేసరికి కవరు అంటించే ఉందని నువ్వే రాశావు.

పొద్దున ఫ్యూజు మార్చాను. పగిలిన వాల్వు తీసి, నువ్వు పెట్టిపోయిన డబ్బాలోంచి ఇంకొకటి పెట్టాను. టంకం బాగానే పట్టింది, నువ్వు చూస్తే మెచ్చుకునేవాడివి. రేపు శనివారం ఐదింటికి మన చోట ఉంటాను. నాకు జ్వరమక్కా, నేను వినలేదు అని నీ చేత్తో ఒక్కసారి కొట్టు. కాగితం మీద రాసిన మాట నాకు చాలడం లేదు. నువ్వు కొట్టే తీరు నాకు తెలుసు. అబద్ధమైతే తెలుస్తుంది, నిజమైతే నేను ఈ పళ్ళు పోయిన నోటితోనే నవ్వుతాను.

అక్క

*

నా తోడబుట్టినవాడా,

ఇది సోమవారం మధ్యాహ్నం రాస్తున్నాను.

శనివారం నువ్వు వచ్చావు. రావేమో అనుకున్నాను. మనం మాట్లాడుకున్నది నీకు తెలిసిందే అయినా, నేను ఏం విన్నానో నువ్వు చూడాలని, పుస్తకంలో ఎక్కించింది ఎక్కించినట్టు ఇక్కడ దించుతున్నాను.

విన్నావా అన్నాను. తర్వాత నీ ఎడమ చెయ్యి, గీతలు సాగదీస్తూ. విన్నాను.

మూడుసార్లూనా?

మొదటిసారే.

అంటే మిగతా రెండుసార్లూ నేను పిలుస్తుంటే నువ్వు సెట్టు ముందు లేవు. లేచి, మీ ఇంటి పక్కనే మీరంతా కూడే సమ్మె షెడ్డుకి నడుస్తున్నావు.

తరుముతారనుకున్నానక్కా. చంపుతారనుకోలేదు.

గడ్డపారలతో తరుముతారా?

నా చెయ్యి చూశావు కదా.

చూశాను. కడిగింది నేనే. ముగ్గుర్ని నా మీదికి పంపింది నువ్వేనా?

పుస్తకం కోసం. కొట్టొద్దన్నాను.

చంపొద్దనీ అనే ఉంటావు.

పుస్తకం కాల్చెయ్యక్కా, నేను నీ తమ్ముణ్ణి, అన్నావు. అవును అన్నాను. నువ్వు కొట్టేదంతా ఐదూ ఏడు నుంచీ అందులోనే రాస్తున్నాను అని కూడా చెప్పాను. అప్పుడు నీ వైపు నుంచి కీ నొక్కిపట్టిన చప్పుడు, తెగని గీత ఒకటి వచ్చింది. ఏడుస్తూ వేలు దాని మీద ఉంచేశావో, కోపంతో నొక్కావో తెలియదు. ఎన్ని సెకన్లో రాసుకున్నాను. పద్దెనిమిది. తర్వాత ఆగిపోయింది.

ఆదివారమంతా ప్రార్థనలో కూర్చున్నాను. నాకు దారి చూపించమని అడగలేదు. దారి కనబడుతూనే ఉంది. నడవకుండా ఉండే వీలేమైనా ఉందేమోనని అడిగాను. నువ్వు పుట్టిన రోజు అమ్మ నిన్ను తీసి నా ఒళ్ళో పెట్టి, పడేస్తే చంపుతానని బెదిరించింది. ఎనిమిదేళ్ళదాన్ని, భయపడి పొద్దంతా లేవకుండా కూర్చున్నాను. అదే గుర్తొస్తోంది. మళ్ళీ ఆ ఏడు దుప్పట్లు. వాళ్ళలో ఎవరికి ఎవరు అక్కో, ఎవరు ఎత్తుకు తిప్పారో. ఒకామె జేబులో అల్లిక సూదులున్నాయి, సగం అల్లిన చిన్న మేజోడుతో సహా. నేను దాన్ని ఆమెతోనే పెట్టి కుట్టేశాను. నీకు ఇది చెప్పకూడదనుకున్నాను.

ఈ పొద్దున ఎనిమిదింటికే బడి మెట్ల మీద కూర్చున్నాను. నువ్వే వస్తావని. నీ అంతట నువ్వు వచ్చి చెబితే, నేను పక్కన నిలబడేదాన్ని, చేతికి బంతి కూడా తెచ్చాను సంచిలో. తొమ్మిదయింది, పదయింది. వచ్చే ప్రతి మనిషినీ నీ నడకేమోనని చూశాను. పదకొండింటికి బంట్రోతు పిలిచాడు. నర్సమ్మ చెయ్యి పట్టుకుని లేపింది.

అధికారి చిన్నవాడే. నా మొహం చూసి, "కూర్చోండమ్మా, నీళ్ళు తాగుతారా" అన్నాడు. పుస్తకం ఇచ్చాను. గురువారం పేజీ చూపించాను, శనివారం పేజీ చూపించాను. బిళ్ళ సంగతి అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పాను. సైకిళ్ళవాడి చెయ్యి సంగతీ చెప్పాను.

"మీరు హెచ్చరించారు కదమ్మా. వాళ్ళు మీ ఇంట్లో చొరబడ్డారు. అది మీ తప్పు కిందికి రాదు" అన్నాడు.

"స్విచ్చు జానెడు దూరంలో ఉందని కూడా రాయండి బాబూ" అన్నాను. అతను కలం ఎత్తి నన్ను చూసి, రాశాడు.

నీకు ఉత్తరం రాస్తానని అతనికి చెప్పాను. వద్దనలేదు, కానీ తన మనుషులే ముందు చేరతారన్నాడు. చేరితే వాళ్ళతో పెనుగులాడకు. అతుకుతున్న ఎముక మళ్ళీ విరుగుతుంది. వాళ్ళు అడిగింది అడిగినట్టు చెప్పు. నేను ప్రతి వారం వస్తాను, నువ్వు మొహం తిప్పుకున్నా వస్తాను. నీ వాళ్ళు కొట్టిన ఈ మొహమే నాకు మిగిలింది, దీంతోనే వస్తాను.

ఆఖరికి అతను కొత్త కాగితం తీసి, "మీతో మాట్లాడిన అవతలి వైర్‌లెస్ స్టేషను ఎవరిదమ్మా?" అన్నాడు.

చెప్పాను. పళ్ళు లేని సందులోంచి గాలి పోయి మాట ఈలలా వచ్చింది. అతనికి అందలేదు. "మళ్ళీ చెప్పండి" అన్నాడు. తప్పు పేరు రాస్తే ఇంకెవరి ఇంటికో వెళ్తారు. అందుకని నీ పేరు ఒక్కో అక్షరం విడదీసి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగి, రెండుసార్లు చెప్పాను. రాసింది పైకి చదవమన్నాను. చదివాడు.

సరిగ్గానే ఉందన్నాను.

నీ
అక్క